నొప్పి పుట్టిన చోట ఆగి, మరల నడువుడి



కాళ్ళ జబ్బుతో బాధపడిన రాజు ఒకాయన బైబిలులో ఉన్నాడు. ఆయన పేరు ఆసా. యూదా రాజ్యమును 41 సంవత్సరములు ఏలాడు. తొలి దినములలో విగ్రహములను తీసివేయించి, దేవుని యెదుట యథార్థముగా నడిచిన మంచి రాజు. ఏలుబడిలో 39వ ఏట ఆయన పాదములకు జబ్బు పుట్టి మిక్కిలి ముదిరింది. అంత బాధలోను ఆయన దేవుని వైపు చూడక, వైద్యుల మీదనే ఆనుకున్నాడని రెండవ దినవృత్తాంతముల గ్రంథము 16వ అధ్యాయములో చదువుతాము.

ఈ ఒక్క సంగతిని పట్టుకొని, "చూశారా, డాక్టరు దగ్గరకు పోవుట అవిశ్వాసము" అని బోధించేవారు మన పల్లెలలో అక్కడక్కడ ఉన్నారు. అయితే ఆ అధ్యాయమును మొదటి నుండి చదివితే విషయము వేరుగా కనబడుతుంది. శత్రువు మీదికి వచ్చినప్పుడు ఆసా మందిరములోని వెండి బంగారములు తీసి సిరియా రాజైన బెన్హదదుకు పంపాడు. అది తప్పని చెప్పిన దీర్ఘదర్శి హనానీని చెరలో వేయించాడు. మనుష్యుల మీద ఆనుకొని దేవుని మరచుట ఆయనకు అప్పటికే అలవాటైపోయింది. పాదములకు జబ్బు చేసినప్పుడు ఆ అలవాటే మరొకసారి బయటపడింది. లేఖనము తప్పు పట్టినది వైద్యుని పిలిచినందుకు కాదు, దేవుని విడిచినందుకు. హిజ్కియా రాజు పుండుతో చావు బ్రతుకుల మధ్య ఉన్నప్పుడు యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు గదా! పౌలుకు తోడుగా ఉన్న లూకా వైద్యుడే గదా! ప్రార్థన ఒక చేయి, వైద్యము ఒక చేయి. రెండును ఇచ్చినవాడు దేవుడే.

ఈ మాట ముందుగా ఎందుకు చెప్పుచున్నానంటే, నేను వ్రాయదలచినది కూడ పాదములను గూర్చియే. ఆదివారము నా చేతికి వచ్చే ప్రార్థన చీటీలలో ఒకప్పుడు జ్వరములు, వానలు, పొలము తగవులు, పిల్లల పెండ్లిండ్లు ఉండేవి. ఇప్పుడు వాటి ప్రక్కనే షుగరు, అరికాళ్ళ మంటలు, పిక్కల నొప్పులు, మానని పుండ్లు అని వ్రాసి వస్తున్నవి. భారత వైద్య పరిశోధన మండలి వారి దేశవ్యాప్త సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. దాని ప్రకారము మన దేశములో 10 కోట్లకు పైగా మందికి మధుమేహమున్నది. "అది పట్నపు వాళ్ళ జబ్బు, కాయకష్టము చేసే మనకు రాదు" అనుకొనే దినములు పోయినవి.

మా సంఘములో ఒక పెద్దాయన ఉన్నారు. వయస్సు 65 దాటినది. షుగరు వచ్చి పన్నెండేళ్ళయింది. కూడికలలో డోలక్ వాయించేది ఆయనే. మొదటి గంట కొట్టగానే వచ్చి కూర్చొనే ఆ మనిషి మెల్లమెల్లగా మందిరమునకు రావడము మానివేశారు. నేను దర్శించుటకు వెళ్ళినప్పుడు అరుగు మీద కాళ్ళు చాపుకొని కూర్చొని ఉన్నారు.

"అయ్యగారూ, మా ఇంటి కాణ్ణుంచి మందిరానికి పదకొండు కరెంటు స్తంభాలండి. మూడో స్తంభం కాడికి వచ్చేసరికి ఎడమ పిక్క పట్టేస్తంది. రాయి కట్టినట్టుంటది. కాసేపు నిలబడితే తగ్గిపోద్ది. మళ్ళీ మూడు స్తంభాలు, మళ్ళీ అదే. స్తంభానికీ స్తంభానికీ ఆగుతుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? అందుకే మానేశాను" అన్నారు.

లోపలి నుండి ఆయన భార్య అందుకున్నది. "నడిస్తే నొప్పొస్తందని మా అబ్బాయి అసలు నడవొద్దన్నాడండి. కాళ్ళకి రెస్టు కావాలంట. హైదరాబాదు నుంచి బీట్‌రూట్ పొడి డబ్బా కూడా పంపించాడు. పదిహేను వందలంట. రోజూ కలిపి ఇస్తన్నాను. కాళ్ళు తీసేయాల్సి వస్తదేమోనని భయంగా ఉందండి అయ్యగారూ."

ఆ చివరి మాట చెప్పినప్పుడు పెద్దాయన తల వంచుకున్నారు. ఇంటిలో ఎవరికిని నిద్ర పట్టనీయని భయము అదే.

మా సంఘములోనే ప్రభుత్వ ఆసుపత్రిలో చాలాకాలము పని చేసి రిటైరైన నర్సమ్మగారు ఉన్నారు. మరునాడు ఆమెను వెంటబెట్టుకొని వెళ్ళాను. ఆమె ముందు ఆయన రెండు పాదములను చేతులతో పట్టి చూశారు. ఎడమ పాదము చల్లగా ఉన్నది. పాదము పై భాగమున ఒక చోట, లోపలి చీలమండ వెనుక ఒక చోట నాడి దొరుకుతుందట. కుడి కాలికి దొరికింది, ఎడమ కాలికి దొరకలేదు. "పెద్దయ్యా, నడిచేటప్పుడే వచ్చి ఆగితే పోయే నొప్పి కీళ్ళది కాదు. పిక్కకి రక్తం చాలట్లేదు. పొడి సంగతి తర్వాత, ముందు పరీక్ష చేయించుకోండి" అన్నారు.

జిల్లా కేంద్రములో చేసిన పరీక్ష చాల తేలికైనది. మామూలుగా బి.పి. చూసే పట్టీనే చేతికి ఒకసారి, చీలమండ దగ్గర ఒకసారి కట్టి చూస్తారు. చీలమండ దగ్గరి అంకెను చేతి దగ్గరి అంకెతో భాగిస్తారు. ఒకటికి అటుఇటుగా ఉంటే మంచిది. 0.90 గాని అంతకంటె తక్కువ గాని ఉంటే కాలి రక్తనాళములు ఇరుకైనవని అర్థము. ఈయనకు ఎడమ కాలిలో 0.7 వచ్చింది. అయితే షుగరు చాలాకాలముగా ఉన్నవారిలో రక్తనాళములు గట్టిపడి ఈ అంకె ఉన్నదానికంటె ఎక్కువగా కనబడవచ్చును. అట్టివారికి కాలి బొటనవ్రేలి దగ్గర ఒత్తిడి చూచుట, డాప్లర్ స్కానింగు అవసరమగును. కనుక అంకె బాగుంది గదా అని లక్షణములను కొట్టివేయకూడదు.

డాక్టరుగారు కొలెస్టరాలు తగ్గుటకు ఒక మాత్ర, రక్తము గడ్డకట్టకుండుటకు ఒక మాత్ర వ్రాసి, గుండె పరీక్ష కూడ చేయించారు. కాలి నాళములు ఇరుకైనవారికి గుండె నాళములలోను అదే బాధ ఉండవచ్చును గనుక ఇది తప్పనిసరి. పాదములకు పుండ్లు లేవని చూచుకొని, చివరకు, "ఇక నడవండి. నొప్పి వచ్చేదాకా నడవండి" అన్నారు. పెద్దాయన భార్య నా వైపు చూసింది. నొప్పి వస్తుందనే గదా కొడుకు నడవవద్దన్నది!

ప్రియులారా, ఈ సంగతిని మన భాషలో చెప్పుకుందాము. ప్రధాన కాలువ పూడిపోయినది అనుకొనుడి. చివరి చేనుకు నీరు చాలదు. రైతు గట్టు మీద కూర్చుంటే ఆ చేను ఎండిపోవును. పిల్ల కాలువలు బాగుచేసి, బోదెలు సరిచేసి, వచ్చే కొద్ది నీటినే పొదుపుగా పారించుకుంటే పంట నిలుచును. నడక చేసే పని ఇట్టిదే. నడిచే కొలది పిక్క కండరము వచ్చే కొద్ది రక్తములోని ప్రాణవాయువునే మరింత చక్కగా వాడుకొనుట నేర్చుకుంటుంది. చిన్న నాళములు మరింతగా సహకరిస్తాయి. పూడిక పోదు గాని, నడవగలిగిన దూరము పెరుగును.

మెల్లగా, నొప్పి రాకుండ నడిస్తే చాలదా అని మీరడుగవచ్చును. అమెరికాలో మేరీ మెక్‌డెర్మాట్ అను వైద్యురాలి బృందము ఇట్టి జబ్బున్న 305 మందిని ఒక సంవత్సరము పరిశీలించి 2021లో ఫలితములు ప్రకటించింది. నొప్పి పుట్టే వేగముతో నడిచినవారికి మేలు కలిగింది. నొప్పి లేకుండ తీరికగా నడిచినవారు, ఏ వ్యాయామము చేయనివారికంటె మెరుగు కాలేదు. ఈ పిక్క నొప్పి శిక్ష కాదు, హద్దురాయి. దానిని చేరి, ఆగి, మరల బయలుదేరవలెను.

డాక్టరుగారు చెప్పిన పద్ధతి ఇది. పిక్కలో నొప్పి ఒక మోస్తరుకు వచ్చే వరకు నడచుట. అప్పుడు నిలబడి గాని కూర్చొని గాని, నొప్పి పూర్తిగా పోయే వరకు ఆగుట. మరల నడచుట. ఇట్లు ఆగిన సమయముతో కలిపి మొదట 30 నిమిషములు, పోనుపోను 45 నిమిషములు. వారమునకు కనీసము మూడు దినములు. తక్కువలో తక్కువ 12 వారములు విడువకుండ చేయవలెను. రెండు వారములకే ఫలితము కనబడలేదని మానివేయకూడదు.

ఇక ఆ పదిహేను వందల రూపాయల పొడి సంగతి. అందులో బొత్తిగా సత్యము లేదని చెప్పలేము. ఆ సత్యము ఎంతవరకో తెలిసికొనుట మంచిది.

బీట్‌రూట్‌లోను, ఆకుకూరలలోను నైట్రేట్ అను పదార్థము ఉన్నది. రైతులు ఈ పేరు వినగానే ఎరువుల బస్తా గుర్తు తెచ్చుకుంటారు. నిజమే, మొక్క నేలలో నుండి నత్రజనిని ముఖ్యముగా ఈ రూపములోనే పీల్చుకొని ఆకులలో దాచుకుంటుంది. మనము ఆ కూర తిన్నప్పుడు నైట్రేట్ రక్తములో చేరి, అక్కడ నుండి లాలాజల గ్రంథులకు వచ్చి, ఉమ్మితో కలిసి మరల నోటిలోకి వస్తుంది. నాలుక వెనుక భాగమున నివసించే మేలు చేసే సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గా మార్చుతాయి. మనము మ్రింగిన తరువాత అది శరీరములో నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువుగా మారుతుంది. విశేషమేమంటే, ప్రాణవాయువు తక్కువైన చోటనే ఈ మార్పు ఎక్కువగా జరుగుతుంది. నీరందని చేను వంటి పిక్కకు కావలసినదదే గదా! ఆ వాయువు రక్తనాళముల గోడలను సడలించి, దారిని వెడల్పు చేస్తుంది. ఈ వాయువు రక్తనాళములలో చేసే పనిని కనుగొన్నందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమానమిచ్చారు. గడ్డిపూవును అలంకరించిన దేవుడు మన నాలుక మీద కంటికి కనబడని పనివారిని సైతము పెట్టియున్నాడు!

దీనిని మనుష్యుల మీద పరీక్షించి చూశారు. 2011లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయములో కాళ్ళ రక్తనాళములు ఇరుకైన 8 మందికి బీట్‌రూట్ రసమిచ్చి నడిపించగా, నొప్పి మొదలగుటకు పట్టిన సమయము 18 శాతము పెరిగింది. 2018లో ప్రచురితమైన మరొక పరిశోధనలో 24 మంది రోగులు 12 వారములు వ్యాయామము చేశారు. కొందరికి బీట్‌రూట్ రసము, కొందరికి నైట్రేట్ తీసివేసిన రసము ఇచ్చారు. నొప్పి లేకుండ నడిచే సమయము మొదటివారికి సుమారు 3 నిమిషములు పెరగగా, రెండవవారికి సుమారు ఒక నిమిషము పెరిగింది. డెన్మార్కులో 50 వేలకు పైగా ప్రజలను సుమారు 23 సంవత్సరములు గమనించి 2021లో వ్రాసిన నివేదికలో, కూరగాయల ద్వారా నైట్రేట్ ఎక్కువగా తిన్నవారిలో ఈ కాళ్ళ జబ్బుతో ఆసుపత్రి పాలగుట 26 శాతము తక్కువగా కనబడింది. అంత మేలుకు రోజూ అర కప్పు వండిన ఆకుకూర చాలునన్నారు.

అయితే రెండవ వైపు కూడ చూడవలెను. మొదటి రెండు పరిశోధనలలో ఉన్నవారు కొద్దిమంది. డెన్మార్కు వారిది కేవలము గమనిక. ఆకుకూర తినేవారికి మరికొన్ని మంచి అలవాట్లును ఉండవచ్చును. పైగా 2013లో ఇంగ్లండులో షుగరు ఉన్న 27 మందికి రెండు వారములు బీట్‌రూట్ రసమిచ్చి చూస్తే రక్తపోటులో గాని, రక్తనాళముల పనిలో గాని చెప్పుకోదగిన మార్పు రాలేదు. షుగరు పాడుచేసిన నాళములు ఇతరుల నాళముల వలె వెంటనే మాట వినవు కాబోలు. కనుక తేలినదేమంటే, నడకయే మందు. ఆకుకూర ఆ నడకకు తోడు. నడవకుండ అరుగు మీద కూర్చొని పొడి కలుపుకొని త్రాగితే, ఎద్దులను కట్టకుండ బండికి కందెన వేసినట్లే.

మన పెరటిలోనే దేవుడిచ్చినది ఉండగా డబ్బాలు కొననేల? తోటకూర, పాలకూర, ముల్లంగి, ముల్లంగి ఆకు, కొత్తిమీర, ఇవన్నియు నైట్రేట్ ఉన్నవే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలలో రోజుకు 100 గ్రాముల ఆకుకూర తినమన్నది. నైట్రేట్ నీటిలో కరిగిపోవును గనుక ఆకును ఉడికించి నీళ్ళు పిండి పారబోస్తే సగము మేలు కాలువ పాలే. పప్పులో వేసి వండుట, తక్కువ నీటితో మగ్గించుట మంచిది. బీట్‌రూట్‌లో చక్కెర ఉన్నది. షుగరు ఉన్నవారు రసము గ్లాసుల కొద్దీ త్రాగుటకంటె ముక్కలుగా కూర చేసికొని మితముగా తినుట మేలు. బీట్‌రూట్ తిన్న తరువాత మూత్రము ఎర్రగా వస్తే రక్తమని భయపడనవసరము లేదు. క్రిములను చంపే ఘాటైన మౌత్‌వాష్‌తో రోజూ నోరు పుక్కిలిస్తే, మనకు మేలు చేసే ఆ సూక్ష్మజీవులు కూడ చచ్చును.

కొందరు జాగ్రత్తపడవలెను. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు, మూత్రపిండములలో రాళ్ళున్నవారు పాలకూర, తోటకూర, బీట్‌రూట్ ఎంత తినవచ్చునో డాక్టరును అడిగి తినవలెను. రక్తము పలుచన చేయు వార్ఫరిన్ మాత్ర వాడేవారు ఆకుకూరను ఒక వారము మానివేసి ఒక వారము విపరీతముగా తినక, ఎప్పుడును ఒకే పాళములో తినవలెను. మరొక మాట. కూరలో నైట్రేట్ మంచిదని విని, ఎరువు కలిసిన బావి నీరు కూడ మంచిదే అనుకోవద్దు. త్రాగే నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశపు ప్రమాణము. చంటిబిడ్డలకు అట్టి నీటితో పాలు కలిపితే ప్రాణాపాయము.

దానియేలు శాకధాన్యములు తిని పది దినములలో తేజస్సుగా కనబడ్డాడు గదా, ఇదంతయు బైబిలులోనే ఉన్నదని కొందరంటారు. ఆ అధ్యాయము వ్రాయబడినది కూరల గుణమును చెప్పుటకు కాదు, దానియేలు నమ్మకత్వమును చెప్పుటకు. వాక్యము చెప్పని దానిని వాక్యము నోట పెట్టవద్దు. అయితే రాజుగారి భోజనపు బల్లకంటె పెరటి కూర తక్కువది కాదని దానియేలు నేర్పును గదా, అది చాలును.

పెద్దాయన నడక మొదలుపెట్టారు. సోమ, బుధ, శుక్రవారములు ప్రొద్దున్నే. మొదటి వారము మూడవ స్తంభమే. ఆగుట, నడుచుట. నెల తిరిగేసరికి అయిదవ స్తంభము. మూడు నెలలకు ఎనిమిదవ స్తంభము వరకు ఆగకుండ వస్తున్నారు. అక్కడ ఒకసారి నిలబడి, తక్కిన మూడు స్తంభములు దాటి మందిరములోనికి వస్తున్నారు. కాలు తీసివేస్తారను భయము ఆ ఇంటిలో తగ్గింది. మా యువకులు నాలుగవ స్తంభము దగ్గర ఒకటి, ఎనిమిదవ స్తంభము దగ్గర ఒకటి సిమెంటు బల్లలు వేశారు. ఆయన ఒక్కరే గాక, ఆగుటకు సిగ్గుపడి ఇంటిలో ఉండిపోయిన మరి ఇద్దరు కూడ ఇప్పుడు ఆ బల్లల మీద కూర్చొని వస్తున్నారు. డబ్బా అయిపోయిన తరువాత మరల కొనలేదు. పెరటిలో తోటకూర మడి వేశారు.

ఇంతవరకు నొప్పి ఉన్న కాలిని గూర్చి చెప్పితిని. నొప్పి లేని కాలు ఇంకను ప్రమాదకరమైనది. షుగరు నరములను మొద్దుబార్చును. అట్టి పాదములో ముల్లు దిగినా తెలియదు.

దీనిని లోకమునకు బాగుగా తెలియజేసినవారిలో ఒకరు డాక్టర్ పాల్ బ్రాండ్. మిషనరీ తల్లిదండ్రులకు 1914లో తమిళనాడులోని కొల్లి కొండలలో పుట్టి, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి కుష్ఠురోగులకు సేవ చేశాడు. వారి వ్రేళ్ళు జబ్బు వలన వాటంతట అవే రాలిపోవుట లేదనియు, నొప్పి తెలియనందున కాలి, కోసికొని, రాత్రి నిద్రలో ఎలుకలు కొరికి పోవుచున్నవనియు ఆయన కనుగొన్నాడు. ఎలుకల కోసము రోగులకు పిల్లులను పెంచుకొమ్మని ఇచ్చారట! 1966లో అమెరికాకు వెళ్ళిన తరువాత ఇదే పాఠమును షుగరు రోగుల పాదములకు అన్వయించాడు. నొప్పి దేవుడిచ్చిన వరమని 2003లో చనిపోయే వరకు ఆయన చెప్పుచునే ఉన్నాడు. గోడ మీద నిలిచి బూర ఊదే కావలివాని వంటిది నొప్పి. కావలివాడు నిద్రపోయిన పట్టణమునకు ఇంటివారే కాపలా కాయవలెను.

పొరుగూరిలో ఒక సహోదరి ఉన్నది. చెప్పులో దిగిన మేకు మూడు దినములు ఆమెకు తెలియలేదు. పుండు పడిన తరువాత ఎవరో ఆసా రాజు మాట చెప్పి ఆసుపత్రికి పోనీయలేదు. నూనె రాశారు, పసుపు కట్టారు. ఆరు వారములైన తరువాత వ్రేళ్ళు నల్లబడినవి. ప్రాణము దక్కింది గాని, మోకాలి క్రింద కాలు తీసివేశారు. ఆమె చంకకర్రలతో వచ్చి ఇప్పటికిని సండేస్కూలు పిల్లలకు పాటలు నేర్పుచున్నది. ఆమె విశ్వాసము పోలేదు. పోనవసరము లేని కాలు పోయింది.

కావున ఈ గురుతులు కనబడితే "ప్రార్థన చేసి చూద్దాము" అని ఒక్క దినము కూడ ఆలస్యము చేయక, ప్రార్థన చేసికొనుచునే ఆసుపత్రికి బయలుదేరుడి: పాదము మీద మానని పుండు, నల్లబడిన వ్రేలు, కదలకుండ పడుకున్నను రాత్రివేళ పాదములో నొప్పి వచ్చి, కాలు మంచము క్రిందికి వ్రేలాడదీస్తే తగ్గుట, ఒక్కసారిగా కాలు చల్లబడి పాలిపోవుట. వీటిలో ఏది ఉన్నను నడక వ్యాయామము చేయరాదు; ముందు వైద్యము. మొద్దుబారిన కాళ్ళకు వేడినీళ్ళ కాపడము పెట్టవద్దు, బొబ్బలెక్కినా తెలియదు. నీటి వేడిని ముందు ఇంటిలో మరొకరి చేతితో చూడవలెను. ఇంటిలోను, పొలములోను చెప్పులు వాడవలెను. తొడుక్కొనే ముందు దులిపి, లోపల చేయి పెట్టి చూడవలెను. మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులు దొరికితే మంచిది. మందిరము వాకిట చెప్పులు విడిచే అలవాటు మనకున్నది. అట్టివారు లోపల మేజోళ్ళు వేసికొనుటకు సంఘపెద్దలు అభ్యంతరము చెప్పవద్దు.

పొగాకు సంగతి చెప్పకుండ ఈ వ్యాసము ముగించలేను. చుట్ట, బీడీ, సిగరెట్, మన సముద్ర తీరపు పల్లెలలో అమ్మలు కాల్చే అడ్డపొగ, ఏదైనను కాలి రక్తనాళములకు గొప్ప శత్రువు. నడకతో తెచ్చుకొన్న మేలును పొగ దోచుకొనును. ఉపవాస ప్రార్థనకు వచ్చే షుగరు రోగులకు కూడ ఒక మాట. మాత్రలు, ఇన్సులిన్ వేసికొని, తినకుండ నడిస్తే చక్కెర ఒక్కసారి పడిపోయి చెమటలు పట్టి స్పృహ తప్పవచ్చును. డాక్టరును అడుగకుండ ఉపవాసముండవద్దు. నడకకు పోయినప్పుడు జేబులో నాలుగు పంచదార పలుకులు ఉంచుకొనుడి. మీ ప్రార్థన ఆలకించే దేవుడు మీ శరీరమును ఎరిగినవాడే.

అపొస్తలుల కార్యములలో శృంగారమను దేవాలయపు ద్వారమున కూర్చొన్న కుంటివానిని పేతురు చేయి పట్టి లేవనెత్తాడు. అప్పుడు వాని పాదములు, చీలమండలు బలము పొందినవి. వాడు నడుచుచు దేవాలయములోనికి వెళ్ళాడు. ఆ అద్భుతము దేవునిది. చేయి మాత్రము మనుష్యునిది. నేడు మన సంఘములలో ఆ చేయి కావలసినవారు ఎందరో అరుగుల మీద కూర్చొని ఉన్నారు. వారిని ఆరాధనకు రమ్మని పిలుచుటతో సరిపెట్టక, వారి ఇంటికి వెళ్ళి, వారితో కూడ మూడు స్తంభములు నడిచి, వారు ఆగిన చోట మనమును ఆగి, మరల కలిసి నడుద్దాము.

ప్రభువు తన చివరి రాత్రి పళ్ళెములో నీళ్ళు పోసి శిష్యుల పాదములను చేతులలోనికి తీసికొన్నాడు. మట్టి పాదములను ముట్టుకొనుట ఆయనకు తక్కువతనము కాలేదు. మీ ఇంటిలో షుగరు ఉన్న తల్లి గాని, తండ్రి గాని, అత్తగారు గాని, మామగారు గాని ఉన్నట్లయితే, ఈ రాత్రి కుటుంబ ప్రార్థన అయిన తరువాత దీపము దగ్గరకు తెచ్చి వారి పాదములను చూడుడి. మడమలు, అరికాళ్ళు, వ్రేళ్ళ సందులు చూడుడి. గోరువెచ్చని నీటితో కడిగి, తడి లేకుండ తుడిచి, చల్లగా ఉన్నదా, పగిలినదా, రంగు మారినదా గమనించుడి. రేపు రాత్రియు అట్లే చేయుడి. పిల్లలు చూచుచుందురు, వారును నేర్చుకొందురు.

మన పాదములను తొట్రిల్లనీయని దేవుడు మీ ఇంటి పెద్దలను తన మందిరపు త్రోవలో ఇంకను అనేక దినములు నడిపించును గాక. ఆమేన్.